బండి ఏ పక్కకు లాగుతోంది?

ముందే చెప్పేస్తున్నాను. నా దగ్గర ఏ కంపెనీ సర్టిఫికెట్టూ లేదు. షట్టరూ బోర్డూ ఉన్న షాపులో నేను కూర్చున్నది తక్కువ. మోటార్ సైకిల్ ముందు ఫోర్కులు విప్పి, బాగుచేసి, మళ్లీ నిలబెట్టడం నా వృత్తి. ఆ పనంతా మా ఇంటి వెనక రేకుల వసారాలోనే చేశాను. రాయచూరు నుంచి పవర్ ప్లాంటుకు పోయే రోడ్డు మీద నా చేతిలో పడని బండి ఉందంటే, అది కొత్తదైనా అయ్యుండాలి, దాని యజమాని మొండివాడైనా అయ్యుండాలి.

ఇప్పుడు పానా పట్టడం మానేశాను. వేళ్ల కణుపులు ఉదయం పూట మాట వినడం లేదు. మా వీధిలో ఇద్దరు అమ్మాయిలు ఐటీఐలో మెకానిక్ కోర్సులో చేరారు. "అంజమ్మ పెద్దమ్మా, ఫోర్కు పని ఇంట్ల చేయొచ్చునా?" అని అడుగుతున్నారు. చేయొచ్చు. షాపులో కంటే బాగా చేయొచ్చు. ఎందుకో, ఎలాగో వాళ్ల కోసం రాస్తున్నాను. ఎంత సంపాదించాను, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు కూడా.

బూడిద సంగతి

ఫోర్కు అంటే పెద్ద మర్మమేమీ కాదు. ముందు చక్రానికి అటొకటి ఇటొకటి రెండు కాళ్లు. ఒక్కో కాలిలో నున్నటి స్టీలు పైపు, కింద ఉన్న లావు గొట్టంలోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. లోపల స్ప్రింగు, నూనె. ఆ నూనె బయటికి రాకుండా గొట్టం మూతి దగ్గర రబ్బరు చుట్టు ఒకటి ఉంటుంది. దాన్నే ఆయిల్ సీల్ అంటాం. సీల్ పోతే నూనె కారుతుంది, నూనె పోతే బండి గుంతలో పడ్డప్పుడల్లా ముక్కు నేలకేసి కొట్టుకుంటుంది. ఇంతే కథ.

మా దిక్కు ప్లాంటు వచ్చాక చాలామందికి పని దొరికింది. పనితోపాటు బూడిదా వచ్చింది. బొగ్గు కాల్చిన బూడిద పిండి కంటే మెత్తగా ఉంటుంది. లారీలు మోసుకుపోతుంటే రోడ్డంతా రాలేది. ఆరేసిన బట్టలు, మూత పెట్టని కడవ, మనుషుల కనురెప్పలు, దేన్నీ వదిలేది కాదు. చేతికి మెత్తగానే తగులుతుంది గానీ, ఫోర్కు పైపు మీద కూర్చుందంటే రబ్బరును కొరికి పారేస్తుంది.

మా ఆయన నర్సింలు షాపు సరిగ్గా ఆ రోడ్డు మీదే. చంద్రబండ అనే ఊరి మనిషి, రాయచూరులో పని నేర్చి, ప్లాంటు గిరాకీని నమ్ముకుని అక్కడ పెట్టాడు. ఇంజను పనిలో ఆయనకు తిరుగులేదు. ఫోర్కు దగ్గరే పరువు పోయేది. ఆయన వేసిన సీళ్లు నెల తిరక్కుండా కారేవి. మొదట సీల్ కంపెనీని తిట్టాడు, తర్వాత అమ్మిన దుకాణదారుణ్ని, ఆ తర్వాత బండిని, చివరికి తోలేవాణ్ని. తిట్టడానికి ఇంకెవరూ మిగలని రోజున నేను అన్నం క్యారియరు పట్టుకుని వెళ్లాను.

కొత్త సీల్ బల్ల మీద పెట్టి ఉంది. దాన్ని ఆయన ఒక గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ గుడ్డ ఏ రంగులో పుట్టిందో దానికే తెలియదు.

"గా బట్టతోని నేను పొయ్యి గూడ తుడువ. కొత్త రబ్బరు తుడుస్తున్నవా?" అన్నాను.

"గంత సుద్ధమైతే నీ ఇంట్లనే చేస్కో పో," అన్నాడు.

ఎగతాళికే అన్నాడు. కానీ మర్నాడు సాయంత్రం రెండు ఫోర్కు కాళ్లు గోనెసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. సంచి నా ముందు దించి ఏమీ తెలియనట్టు కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నా ఉద్యోగం ఆ సాయంత్రం మొదలైంది.

నా వసారాలో పద్ధతి

ఇంట్లో పని చేయాలంటే పెద్ద సరంజామా కావాలనుకోకండి. తడిగుడ్డతో తుడిచిన నేల కావాలి. నేను పని మొదలుపెట్టే ముందు వసారాలో నీళ్లు చల్లి తుడిచేదాన్ని, గాలి వచ్చే వైపు తడిపిన చీర కట్టేదాన్ని. "పెండ్లి చూపులా ఏందే?" అనేవాడు మా ఆయన. సీళ్లు కారడం ఆగాక ఆ మాట మానేశాడు.

పైపును ముందు గ్యాస్ నూనెతో కడగాలి. మీరు కిరోసిన్ అంటారు. కడిగి ఆరబెట్టి, కళ్లు మూసుకుని, గోరుతో పైనుంచి కిందికి గీసి చూడాలి. కంటికి కనబడని గీత గోరుకు తగులుతుంది. చిన్న గీతైతే నూనెలో తడిపిన సన్నటి ఎమరీ పేపరుతో అడ్డంగా రుద్దితే చాలు. తర్వాత పైపును చదునైన బండ మీద దొర్లించాలి. మా వంటింట్లో నాపరాయి బండ ఒకటి అద్దంలా ఉండేది. దొర్లుతున్న పైపు కింద వెలుగు ఒకసారి కనబడి ఒకసారి మాయమైతే అది వంగినట్టు. వంగిన పైపును సాగగొట్టి మళ్లీ వేసేవాళ్లున్నారు. నేను ఎంత బతిమాలినా వేయలేదు. ఒకసారి వంగిన చోట లోహం మళ్లీ లొంగుతుంది, ఎప్పుడు లొంగాలో అది మనల్ని అడగదు.

సీల్ ఎక్కించేటప్పుడు పైపు మూతి అంచు రబ్బరును కోస్తుంది. ఇక్కడే చాలామంది కొత్త సీల్‌ను చంపి, ఆ తర్వాత శవాన్ని జాగ్రత్తగా బిగిస్తారు. నేను పాలప్యాకెట్ కవరు కడిగి, పైపు మూతికి తొడిగి, దానిమీదుగా నూనె రాసిన సీల్‌ను జార్చేదాన్ని. లోపలికి దించడానికి ఇనుప ఉలి వద్దు. పాత సీల్‌ను పైన పెట్టి, సరిపోయే ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్కతో చుట్టూ సమంగా తట్టండి.

నూనె రెండు కాళ్లలోనూ సమానంగా ఉండాలి. ఎక్కువ పోస్తే మెత్తగా పోతుందని అనుకునేవాళ్లను చూశాను. ఎక్కువైన నూనె పోవడానికి చోటులేక సీల్‌ను తన్నేస్తుంది. పోశాక పైపును నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి గాలి బుడగలు పోనివ్వాలి, ఆ తర్వాత కొలవాలి. నేను చీపురుపుల్లతో కొలిచేదాన్ని. రెండు కాళ్లకూ ఒకే పుల్ల. ఇందులో నవ్వడానికేమీ లేదు, ఆ పుల్ల నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

ఇంకొకటి. కారే ప్రతి సీల్‌నూ మార్చనక్కర్లేదు. చాలాసార్లు సీల్ లోపలి అంచు, అంటే పెదవి కింద బూడిద రేణువు ఇరుక్కుని ఉంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి సన్నటి ముక్క కోసి, పైపుకూ సీల్‌కూ మధ్య దూర్చి చుట్టూ తిప్పితే ఆ చెత్త బయటికొస్తుంది. ఎవరిదో విరిగిన కాలి బొమ్మతో ఎన్నో బండ్ల కాళ్లు బాగుచేశాను.

బలక్క, సాకు

నాకు పాఠాలు చెప్పింది మా ఆయన కాదు. మా వెనకింట్లో ఉండే వీరభద్రప్ప. ప్లాంటులో ఫిట్టరు. ఆయన పెరట్లో గోడ పక్కన బల్లకు బిగించిన వైసు ఉండేది. ఫోర్కు కాలి అడుగున ఉండే బోల్టు విప్పాలంటే కాలిని కదలకుండా పట్టుకోవడానికి వైసు కావాలి. అందుకని సంచి పట్టుకుని ఆయన గడప ఎక్కాను. నన్ను "తంగీ" అని పిలిచేవాడు. వాళ్ల భాషలో చెల్లెలు.

నేను గద్వాల దిక్కు నుంచి కాపురానికి వచ్చినదాన్ని. అప్పటికి నాకు వచ్చిన కన్నడం కూరగాయల బేరం దాకే. మొదటిసారి కాలు మళ్లీ బిగించే రోజున, అడుగు బోల్టుకు కొత్త రాగి వాషరు వేసి పానా పెట్టాను. వీరభద్రప్ప పక్కన నిలబడి, "బలక్క తిరుగ్సు, తంగీ," అన్నాడు.

బలంగా తిప్పమంటున్నాడు కాబోలనుకున్నాను. తిప్పాను.

"సాకు," అన్నాడు.

తెలుగులో సాకు అంటే ఏమిటో మీకు తెలుసు. పని తప్పించుకోవడానికి సాకులు వెతుకుతున్నానని నన్ను అంటున్నాడనుకున్నాను. రోషం వచ్చింది. కాలు గోడకు తన్నిపెట్టి రెండు చేతులా తిప్పాను. "సాకు! సాకవ్వా! సాకు!" అని ఆయన అరిచిన కొద్దీ నాకు పట్టుదల పెరిగింది. టప్పుమని బోల్టు తల తెగి నా ఒళ్లో పడింది.

ఆయన బల్ల మీద కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. వాళ్లావిడను పిలిచి ఆమెతో తెలుగులో చెప్పించాడు. బలక్క అంటే కుడివైపుకు. సాకు అంటే చాలు.

"నిమ్మ తెలుగోరిగె బలా అంద్ర తాకత్ ఒందే ఏను?" అన్నాడు నాతో. మీ తెలుగువాళ్లకు బలమంటే శక్తి ఒక్కటేనా అని.

విరిగిన ముక్కను బయటికి తీయడం కూడా ఆ రోజే నేర్పాడు. చిన్న బోల్టుకు పానాను కొసన పట్టుకోకు, తల దగ్గర పట్టుకో అన్నాడు. అలా పట్టుకుంటే చెయ్యి ఎంత బలమైనదైనా బోల్టు మీద పడే బలం తక్కువగానే ఉంటుంది. నాకు దొరికిన పెద్దల్లో ఆయనకు సాటి లేరు. తప్పు చేసినప్పుడు నవ్వాడు గానీ పానా నా చేతిలోంచి లాక్కోలేదు. మీకు నేర్పేవాళ్లు అలాంటివాళ్లో కాదో ఆ ఒక్క గుర్తుతో తెలుసుకోండి.

సంచితో వచ్చిన చిక్కు

మా ఆయన గురువు సంగతి వేరు. ఆయన్ని ఆ రాయచూరు షాపులో అందరూ ఉస్తాద్ అనేవారు. గిరాకీని ఎప్పుడూ వెనక్కి పంపని మంచి మనిషి, కానీ చెడ్డ గురువు. మణికట్టు బలాన్ని మెచ్చుకునేవాడు. నట్టు బిగిస్తుంటే వెనక నిలబడి "ఔర్ కస్! ఔర్ కస్!" అనేవాడట. ఇంకా బిగించు, ఇంకా బిగించు. పానా కిర్రుమంటే గానీ ఆయనకు తృప్తి లేదు. మా ఆయన ఆ విద్యను భక్తిగా నేర్చుకున్నాడు. పానాకు ఇనుప గొట్టం తొడిగి మరీ బిగించేవాడు.

మా ఏర్పాటు ఇలా ఉండేది. షాపులో బండి నుంచి ఫోర్కు కాళ్లు ఊడదీసి సంచిలో ఇంటికి తెస్తాడు. నేను బాగుచేసి అదే సంచిలో పంపిస్తాను. అక్కడ ఆయన వాటిని బండికి బిగించి, చక్రం ఎక్కిస్తాడు. పని సగం నా ఇంట్లో, సగం ఆయన షాపులో. గిరాకీకి నేను ఉన్నట్టే తెలియదు. నర్సింలు చెయ్యి మారిందని మెచ్చుకునేవారు, ఆయన వినేవాడు.

"నా ఫోర్కులు నేనే బిగిస్త," అని ఒకసారి అన్నాను.

"షాపుల ఆడమనిషి కూసుంటే గిరాకీ ఏమంటది?" అన్నాడు.

"సీల్ కారకుంటే గిరాకీ ఏమనది."

"నీకు తెల్వదు, ఊకో."

నాకు ఒళ్లు మండింది. పేరు కోసం కాదు, నిజం చెప్తున్నాను. ఫోర్కు ఎంత బాగా చేసినా చక్రం ఇరుసు సరిగా కూర్చోకపోతే అది చెడ్డ ఫోర్కే. ఇరుసు వేశాక, నట్లు పూర్తిగా బిగించక ముందే, ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలాలి. రెండు కాళ్లూ తమ దారిన తాము సర్దుకుంటాయి. అప్పుడు బిగించాలి. ఈ మాట రోజూ సంచి ఇచ్చేటప్పుడు చెప్పేదాన్ని. "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ మీద నాకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

పోత్నాళ పెద్దమనిషి తెచ్చిన కబురు

బసవరాజు ప్లాంటులో బొగ్గు వ్యాగన్లు దించే పనిలో ఉండేవాడు. దేవదుర్గ వైపు పల్లె. మాకు పాత గిరాకీ. సెలవు దొరికితే భార్యను వెనక, కూతుర్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఊరికి పోయేవాడు. ఆ పాప హ్యాండిల్ మధ్యలో రెండు చేతులూ పెట్టి, బండి తనే తోలుతున్నట్టు కూర్చునేది. షాపు ముందు ఆగినప్పుడు నోటితో హారన్ కొట్టేది.

అతని ఫోర్కులు రెండూ కారుతున్నాయి. ఒక పైపు మీద గీత కూడా ఉంది. గీత నునుపు చేసి, సీళ్లు మార్చి, నూనె కొలిచి, శనివారం సంచిలో పంపాను. మా ఆయన సాయంత్రానికి బండి నిలబెట్టి ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున సుబ్బారావుగారు వచ్చారు. పోత్నాళ దగ్గర కాలువ కింద వరి పండించే పెద్దమనిషి. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొని, క్యాంపు అనే కొత్త ఊరు వేసుకున్నవాళ్లు. క్యాంపులో అందరూ తెలుగువాళ్లే కాబట్టి ఆయనకు కన్నడంతో పెద్దగా అవసరం పడలేదు. మిల్లు పని మీద రాయచూరు వచ్చి, బ్రేకు చూపించుకుందామని మా ఇంటికొచ్చారు.

"ఏమయ్యా నర్సింలూ, నీ పనితనం గురించి బంకులోనే వినొచ్చానయ్యా. మీ బసవరాజు పెట్రోలు కొట్టించుకుంటూ కనబడ్డాడు. నీ దగ్గరికే వస్తున్నానంటే, బండి బలంగా లాగుతోందని మరీ మరీ చెప్పమన్నాడు," అన్నారు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అంజమ్మా, సార్‌కు చాయ్ పెట్టు," అని కేకేశాడు.

నేను చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టాను. పెట్టాక మనసులో ముల్లు గుచ్చుకుంది. ఫోర్కు బండిని లాగదు. లాగేది ఇంజను. ఆ బండి ఇంజనే ముట్టుకోని మెకానిక్‌ను పట్టుకుని బండి బలంగా లాగుతోందని ఎవడైనా ఎందుకు మెచ్చుకుంటాడు?

బయటికొచ్చాను. "అన్నా, ఆయన ఏ మాట అన్నడో గదే మాట చెప్పు. తెలుగు జేయకు."

"అదేనమ్మా... గాడి బలక్క ఎళీతైతి అన్నాడు. ఎళీ అంటే లాగడమేగా? ఆ మాత్రం కన్నడం నాకూ వచ్చులే చెల్లెమ్మా."

"అన్నప్పుడు నవ్విండా?"

"నవ్వలేదు. చేత్తో ఇదిగో ఇలా అన్నాడు. సోమవారం వచ్చి కలుస్తానని కూడా చెప్పమన్నాడు." సుబ్బారావుగారు చెయ్యి ముందుకు చాపి, నెమ్మదిగా కుడివైపుకు వంచారు.

మెచ్చుకోవడానికి ఎవరూ సోమవారం మళ్లీ రారు. బండి కుడివైపుకు గుంజుతోందని ఆ మనిషి కబురు పంపాడు. కొత్తగా ఫోర్కు వేసిన బండి ఒక పక్కకు గుంజిందంటే ఇరుసు దగ్గర ఏదో జరిగినట్టే.

"జర గుంజితే ఏమైతది? సోమారం వస్తడు గద, జూస్త," అన్నాడు మా ఆయన.

"గా పిల్ల ముందట కూసుంటది," అన్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. సుబ్బారావుగారి ముఖం పాలిపోయింది. బసవరాజు పట్నంలో కోట దగ్గర వదినగారింట్లో భోంచేసి మధ్యాహ్నం ఊరికి బయలుదేరతానన్నాడని, కంగారుగా రెండుసార్లు చెప్పారు. పొయ్యి ఆర్పి, పానాల సంచి భుజాన వేసుకుని మా బండి వెనక ఎక్కాను. ఇల్లు దాటి పనిముట్లతో నేను రోడ్డెక్కడం అదే మొదటిసారి.

దేవదుర్గ రోడ్డు మీద

కోట దగ్గర ఇల్లు వెతికి పట్టుకునేసరికి వాళ్లు వెళ్లిపోయారు. ఎండ ముదరకముందే చేరదామని తొందరగా బయలుదేరారట. మళ్లీ బండెక్కాం. రోడ్డు మీద ప్రతి గుంతనూ చూస్తున్నాను. ఆ గుంతలో వాళ్ల చక్రం పడి ఉంటుంది, ఆ చక్రం పట్టుకుని ఉన్నవి నా చేతి నుంచి పోయిన కాళ్లు. భయపడ్డాను. ఎదురుగా గుంపు కనబడితే చాలు కళ్లు మూసుకునేదాన్ని. ఒకచోట గుంపు గొర్రెలది.

ఊరు దాటాక పత్తి మిల్లు గోడ పక్కన బండి ఆగి ఉంది. పాప నీళ్లు తాగుతోంది. నేను దిగడం కూడా సరిగా దిగలేదు, దూకాను.

"యాకక్కా, ఏనాత్?" అన్నాడు బసవరాజు. ఎందుకక్కా, ఏమైంది అని.

నేను అప్పటికే చక్రం పక్కన మోకాళ్ల మీద ఉన్నాను. ఆ మోడల్ బండికి కుడికాలి అడుగున ఇరుసును పట్టుకునే మూత ఒకటి ఉంటుంది. కాలిలోంచి దిగిన రెండు మరచీలలకు, అంటే స్టడ్లకు, దాన్ని రెండు నట్లతో బిగిస్తారు. వెనక చీల మొదట్లో తెగిపోయింది. తెగిన చోట ఇనుము కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. మూత వెనక వైపు జారి, ఇరుసు కుడి కొస వెనక్కి పోయింది. చక్రం కుడివైపు చూస్తోంది. ముందు చీల ఒక్కటే మొత్తం మోస్తోంది. దాని నట్టును వేళ్లతో తిప్పి చూశాను, తిరిగింది. అది కూడా పోతే ఇరుసు కాలిలోంచి ఊడి, చక్రం అడ్డం తిరిగేది. ట్యాంకు మీద కూర్చున్న పాప అందరికంటే ముందు ఎగిరిపడేది.

మా ఆయన వంగి చూశాడు. తెగిన ముక్కను వేలితో తడిమాడు. ఇనుప గొట్టం తొడిగి ఎలా బిగించాడో ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

ఆదివారం, విడిభాగాల దుకాణాలు మూసి ఉన్నాయి. మాదీ అదే మోడల్ బండి. "మనది విప్పు," అన్నాను. ఆయన మా బండి మూత, చీలలు రెండూ ఊడదీసి ఇచ్చాడు. నేను కాలిలో మిగిలిన తెగిన ముక్కను వీరభద్రప్ప నేర్పినట్టు బయటికి తీసి, వాటిని బసవరాజు బండికి ఎక్కించడం మొదలుపెట్టాను. రోడ్డున పోయేవాళ్లు ఆగారు. ఆడమనిషి చీర కొంగు నడుముకు దోపి బండి కింద దూరితే ఆగకుండా ఎవరు పోతారు? ఒక లారీ డ్రైవరు దిగొచ్చి, "జరుగమ్మా, నేను కస్త. నీ చేతుల తాకత్ సాలదు," అని చెయ్యి చాపాడు.

నేను నోరు తెరిచేలోపల మా ఆయన ఆ చేతికి అడ్డం వచ్చాడు.

"ఆమెనే బిగిస్తది. ఫోర్కులు చేసింది ఆమెనే. నువ్వు జరుగు," అన్నాడు.

అంతమంది ముందు, అంత గట్టిగా అన్నాడు. పని మీద కళ్లు ఉంచి కాసేపు పైకి చూడలేదు.

బ్రేకు పట్టి హ్యాండిల్ నొక్కమన్నాను. ఆయన నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. కాళ్లు రెండూ సర్దుకున్నాయి. పానాను తల దగ్గర పట్టుకుని మొదట ముందు నట్టు, తర్వాత వెనక నట్టు బిగించాను. చెయ్యి ఆగమన్నచోట ఆగాను. వీరభద్రప్ప సాకు అన్నది చెవిలో వినబడింది, ఈసారి దాని అర్థం నాకు తెలుసు.

బసవరాజును ఒక్కణ్నే పోయి రమ్మన్నాను. మిల్లు గోడ చివర దాకా పోయి, మలుపు తిరిగి, హ్యాండిల్ మీద చేతులు వదులుగా పెట్టుకుని తిరిగొచ్చాడు.

"నేర హొంటైతి అక్కా," అన్నాడు.

నేరుగా పోతోందని. ఈ మాటకు ఎవరి తర్జుమా అక్కర్లేదు. పాపను ఎత్తి ట్యాంకు మీద కూర్చోబెట్టింది నేనే. నోటితో హారన్ కొట్టుకుంటూ పోయింది.

ముందు చక్రం నిలవని మా బండిని ఖాళీగా పోయే ట్రాలీలో ఎక్కించుకుని ఇల్లు చేరాం.

సంచి లేని పని

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇది. పనిని ముక్కలు చేసి పంచుకోకండి. విప్పినవాళ్లే బిగించాలి, బిగించినవాళ్లే తోలి చూడాలి. గిరాకీ చెప్పే మాటను మధ్యవాళ్ల నోట వినకండి. రాయచూరులో మూడు భాషలు ఒకే బండి మీద పోతుంటాయి, ఎవరి మాట ఎవరి చెవిలో ఏమవుతుందో చెప్పలేం. అంతకంటే ముఖ్యం, పొగడ్త వినబడితే ఒక్క క్షణం ఆగి, నేను చేసిన పనికి ఈ పొగడ్త అతుకుతుందా అని చూసుకోండి. సుబ్బారావుగారు ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే చెప్పేవారు, "చెల్లెమ్మా, నాకు కన్నడం రాదు," అని.

దేవదుర్గ రోడ్డు నుంచి తిరిగొచ్చిన మర్నాడు సోమవారం. నేను వసారా తుడుస్తున్నాను. సంచి కోసం చూశాను, మా ఆయన చేతిలో సంచి లేదు. వెనక తలుపు రెండు రెక్కలూ తీసి, ఒక బండిని నిండుగా, చక్రంతో సహా లోపలికి తోసుకొచ్చి స్టాండు వేశాడు. వెనకే దాని యజమాని, ఎప్పుడూ చూడని మనిషి, ఇల్లు తప్పొచ్చానా అన్నట్టు గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమైంది బండికి?" అని నేను అడిగాను.

ఆ మనిషి నన్ను చూసి, మళ్లీ మా ఆయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన పానా తీసి నా చేతిలో పెట్టి, అతని భుజం పట్టి నా వైపు తిప్పాడు.

"నాకు గాదన్నా, ఆమెకు చెప్పు," అన్నాడు. "నోటితోని సాలదు. ఏ పక్కకు గుంజుతుందో చేత్తోని చూపియ్యి."